ఆచార్య సేనాని

శిష్యులకు విలువిద్య నేర్పిన ఆచార్యుడే ఒకనాడు సేనాపతిగా అభిషిక్తుడై రణరంగంలో నిలవడం మహాభారత కథలో కనిపిస్తుంది. ద్రోణుడు కురుపాండవ కుమారులకు గురువు. భీష్ముడు నేలకొరిగిన పిమ్మట కౌరవసేనకు నాయకుడు. విద్య గరపే వానికి సైన్యాన్ని నడిపే బాధ్యత అప్పగించడం లోకానికి కొత్త కాదు. ఇరవయ్యవ శతాబ్దంలో అటువంటి జీవితం గడిపినవాడు అమెరికా దేశీయుడైన రాబర్ట్ రీస్ నీలండ్. శాంతికాలంలో ఆయన కళాశాల విద్యార్థులకు ఫుట్‌బాల్ నేర్పిన శిక్షకుడు. యుద్ధకాలంలో బ్రిగేడియర్ జనరల్. రెండవ ప్రపంచయుద్ధంలో ఆయన కర్మభూమి మన కలకత్తా నగరం కావడం భారతీయులమైన మనకు ఆసక్తి కలిగించే విషయం.

నీలండ్ 1892 ఫిబ్రవరి 17న టెక్సాస్ రాష్ట్రంలోని గ్రీన్‌విల్ పట్టణంలో జన్మించాడు. స్వస్థలంలోని చిన్న కళాశాలలో ఒక సంవత్సరం, టెక్సాస్ వ్యవసాయ సాంకేతిక కళాశాలలో మరొక సంవత్సరం చదివాడు. 1912లో న్యూయార్క్ రాష్ట్రంలో హడ్సన్ నదీతీరాన ఉన్న వెస్ట్ పాయింట్ సైనిక విద్యాలయంలో ప్రవేశం లభించింది. అక్కడ ఫుట్‌బాల్ ఆడాడు. ముష్టియుద్ధంలో విద్యాలయానికే మేటిగా నిలిచాడు. బేస్‌బాల్‌లో బంతి విసరడంలో అసమాన నైపుణ్యం చూపాడు. 1916లో పట్టభద్రుడైన నాటికి వృత్తి క్రీడాకారుడుగా ధనమార్జించే అవకాశాలు ఆయన ముంగిట నిలిచాయి. వాటిని కాదని నీలండ్ సైనిక జీవితాన్నే ఎంచుకొన్నాడు.

సైన్యంలో ఆయన చేరినది ఇంజనీర్ల దళం. వంతెనలు కట్టడం, బాటలు వేయడం, నదులను అదుపు చేయడం ఆ దళం పనులు. శత్రువును ఎదుర్కొనే సైనికునికి దక్కే కీర్తి ఈ పనివారికి దక్కదు; కాని వీరు ముందుగా బాట వేయనిదే ఆ సైనికుడు అడుగు కదపలేడు. నీలండ్ మెక్సికో సరిహద్దులోను, మొదటి ప్రపంచయుద్ధ సమయంలో ఫ్రాన్సులోను పనిచేశాడు. యుద్ధానంతరం మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో ఇంజనీరింగులో ఉన్నత విద్య అభ్యసించాడు. అటుపై వెస్ట్ పాయింటుకు తిరిగివచ్చి, ఆనాడు విద్యాలయానికి అధిపతిగా ఉన్న డగ్లస్ మెకార్థర్‌కు సహాయాధికారిగా ఉంటూ, ఫుట్‌బాల్ జట్టుకు సహాయ శిక్షకుడుగా కూడా పనిచేశాడు. ఆయన జీవితంలో సైన్యం, క్రీడ అనే రెండు పాయలు కలిసి ప్రవహించడం అక్కడే మొదలయింది.

నీలండ్ సాధించినది గ్రహించాలంటే అమెరికా ఫుట్‌బాల్ స్వరూపం కొంత తెలియాలి. మన దేశంలో బంతిని కాలితో తన్నుతూ ఆడే ఫుట్‌బాల్ వేరు, ఇది వేరు. పదకొండేసి మంది ఆటగాళ్ళున్న రెండు జట్లు నూరు గజాల మైదానంలో తలపడతాయి. రెండు కొనలు కోసుగా ఉండే బంతిని చేతపట్టి పరుగెత్తవచ్చు, సహచరునికి విసరవచ్చు. బంతి ఉన్న జట్టు నాలుగు ప్రయత్నాలలో పది గజాలు ముందుకు సాగాలి. సాగితే మళ్ళీ నాలుగు ప్రయత్నాలు దక్కుతాయి. సాగలేకపోతే బంతి ప్రత్యర్థి వశమవుతుంది. ప్రత్యర్థి వైపు చివరి గీతను బంతితో దాటడాన్ని టచ్‌డౌన్ అంటారు. ముందుకు సాగే ఆశ లేనప్పుడు బంతిని బలంగా దూరానికి తన్ని, ప్రత్యర్థిని వారి గీత సమీపానికి నెట్టడాన్ని పంట్ అంటారు. గజం గజంగా నేలను గెలుస్తూ, కోల్పోతూ సాగే ఈ ఆటకు యుద్ధకళతో దగ్గరి పోలిక ఉంది.

1925లో సైన్యం నీలండ్‌ను నాక్స్‌విల్ నగరంలోని టెన్నెసీ విశ్వవిద్యాలయానికి సైనిక శాస్త్ర బోధకుడుగా పంపింది. బోధనతోపాటు ఫుట్‌బాల్ జట్టుకు సహాయ శిక్షకుడుగా కూడా ఆయన పనిచేశాడు. మరుసటి సంవత్సరమే ప్రధాన శిక్షకుని బాధ్యత ఆయన భుజాలపై పడింది. ఆనాడు విశ్వవిద్యాలయ క్రీడావ్యవహారాలను నడుపుతున్న ఇంజనీరింగు ఆచార్యుడు నాథన్ డౌహర్టీ ఆయన ముందు ఒక లక్ష్యం ఉంచాడు. అదే రాష్ట్రంలోని నాష్‌విల్‌లో ఉన్న వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయపు జట్టు చేతిలో టెన్నెసీ ఏటేటా ఓడిపోతూ ఉండేది. ఆ పరాభవానికి బదులు తీర్చాలన్నదే ఆ లక్ష్యం. 1926లో టెన్నెసీ ఒకే ఒక పోటీలో ఓడింది. ఆ ఓటమి వాండర్‌బిల్ట్ చేతిలోనే. 1927లో ఆ రెండు జట్లు సమానంగా నిలిచాయి. 1928లో టెన్నెసీ గెలిచింది. ఓటమినుండి సమత్వానికి, సమత్వంనుండి విజయానికి ఒక్కొక్క మెట్టుగా మూడేళ్ళలో లక్ష్యం సిద్ధించింది.

ఆ 1928లోనే అలబామా విశ్వవిద్యాలయంతో జరిగిన పోటీ నీలండ్ పేరును దక్షిణ రాష్ట్రాలంతటా మారుమోగించింది. అలబామా ఆనాటి దిగ్గజం. పోటీకి ముందు నీలండ్ ఆ జట్టు శిక్షకుని కలిసి, తన పిల్లలు చిన్నవారని, ఓటమి మరీ ఘోరంగా పరిణమిస్తే ఆటను త్వరగా ముగించాలని వినయంగా కోరాడని ఒక కథ చెప్పుకొంటారు. ఆట మొదలైన మరుక్షణంలో టెన్నెసీ ఆటగాడు జీన్ మెకీవర్ బంతిని అందుకొని 98 గజాలు పరుగెత్తి టచ్‌డౌన్ సాధించాడు. చివరకు టెన్నెసీ 15–13 తేడాతో విజయం పొందింది. 1926 నుండి 1932 వరకు ఏడు సంవత్సరాలలో నీలండ్ జట్టు ఓడినది రెండు పోటీలలో మాత్రమే.

ఈ విజయాలకు మూలం మంత్రతంత్రాలు కావు. ఏ జట్టు తక్కువ పొరపాట్లు చేస్తుందో ఆ జట్టే గెలుస్తుందని ఆయన దృఢవిశ్వాసం. గొప్ప సాహసాలు చేసి గెలిచేవారికంటె, చేతికందిన దానిని జారవిడిచి ఓడిపోయేవారే లోకంలో ఎక్కువని ఆయన గ్రహించాడు. అందువల్ల ప్రత్యర్థిని అడ్డుకొనే రక్షణవిద్యకు, పంట్‌కు ఆయన పెద్దపీట వేశాడు. ఇతర శిక్షకులు బంతిని చివరి ప్రయత్నం వరకు వదలకుండా పట్టుకొని ఉంటే, నీలండ్ జట్టు ముందుగానే దానిని దూరానికి తన్ని, ప్రత్యర్థిని వారి గీత దగ్గర నిలిపి, వారు తొట్రుపడే క్షణం కోసం ఓపికగా కాచుకొనేది. ఈ అనుభవసారాన్ని ఆయన ఏడు సూత్రాలుగా కూర్చాడు. ప్రతి పోటీకి ముందు ఆటగాళ్ళందరూ వాటిని ఒక్క గొంతుతో పఠించేవారు. ఆ సంప్రదాయం టెన్నెసీ జట్టులో నేటికీ నిలిచి ఉంది.

పరికరాల విషయంలో ఆయన ఇంజనీరు. మైదానం అంచున నిలిచినవానికి ఆట మొత్తం కనిపించదని గుర్తించి, ప్రేక్షకస్థానాల పైభాగాన ఒక సహాయకుని కూర్చోబెట్టి టెలిఫోను ద్వారా సమాచారం తెప్పించుకొన్నాడు. ఆటలను చలనచిత్రంగా తీయించి, వాటిని మళ్ళీ మళ్ళీ చూసి తప్పులు వెదికాడు. బరువైన కవచాల స్థానంలో తేలికైనవాటిని ప్రవేశపెట్టాడు. ఈ పద్ధతులను తొలిగా అనుసరించిన శిక్షకులలో ఆయన ఒకడు. సాధనలో ప్రతి నిమిషానికీ నిర్ణీతమైన పని ఉండేది. ఆయన మితభాషి, కఠినుడు. శిష్యులకు ఆయన పట్ల చనువుకంటె భయమే ఎక్కువ. అయినా ఆ భయం క్రమంగా గౌరవంగా మారేది. బాబీ డాడ్ వంటి పలువురు శిష్యులు తరువాతి కాలంలో తామే ప్రసిద్ధ శిక్షకులయ్యారు.

1935లో సైన్యం ఆయనను పనామా కాలువ ప్రాంతానికి బదిలీ చేసింది. ఆయన లేని ఆ ఒక్క ఏడు టెన్నెసీ గెలిచిన పోటీలకంటె ఓడిన పోటీలే ఎక్కువ. 1936లో నీలండ్ మేజరు హోదాలో సైన్యంనుండి విరమించి నాక్స్‌విల్‌కు మరలివచ్చాడు. 1938, 1939, 1940 సంవత్సరాలలో ఆయన జట్టు నిర్ణీత క్రీడాకాలంలో ఒక్క పోటీ కూడా ఓడలేదు. వీటిలో 1939వ సంవత్సరం విశిష్టమైనది. ఆ క్రీడాకాలంలోని పది పోటీలలో టెన్నెసీ 212 పాయింట్లు సాధించగా, ప్రత్యర్థులందరూ కలిసి ఒక్క పాయింటు కూడా పొందలేకపోయారు. అయితే, 1940 జనవరి 1న జరిగిన రోజ్ బౌల్ పోటీలో దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ఆ జట్టును 14–0తో ఓడించింది. ఎంతటి కోటకైనా ఒక ద్వారం ఉంటుందని ఆ ఓటమి చాటింది.

ఆ కాలపు సమాజంలోని లోపాన్ని కూడా ఇక్కడ చెప్పుకోవాలి. అమెరికా దక్షిణ రాష్ట్రాలలో వర్ణవివక్ష చట్టబద్ధంగా సాగుతున్న రోజులవి. టెన్నెసీ విశ్వవిద్యాలయం పట్టభద్ర స్థాయి తరగతులలో నల్లజాతి విద్యార్థులకు ప్రవేశం కల్పించినది 1961లో మాత్రమే. నీలండ్ శిక్షణలో ఉన్న జట్లలో ఒక్క నల్లజాతి యువకునికైనా చోటు లేదు. ఆయన నేర్పిన విద్య గొప్పదే. కాని ఆ విద్య అందరికీ అందలేదు.

1941 నాటికి నీలండ్ వయస్సు 49 సంవత్సరాలు. కీర్తి శిఖరాగ్రాన ఉన్నది. వరుసగా మూడు సంవత్సరాలు నిర్ణీత క్రీడాకాలంలో పరాజయమెరుగని జట్టు చేతిలో ఉన్నది. అటువంటి సమయంలో దేశం యుద్ధానికి సన్నద్ధమవుతూ ఆయనను తిరిగి సైన్యంలోకి పిలిచింది. జట్టును సహాయకుడైన జాన్ బార్న్‌హిల్‌కు అప్పగించి ఆయన మళ్ళీ సైనిక దుస్తులు ధరించాడు. క్రీడారంగంలో ఒక సంవత్సరం దూరమైతేనే వెనుకబడిపోతారు. తిరిగి వచ్చేసరికి ఆ పీఠం తనకోసం ఉంటుందో లేదో తెలియదు. 1942లో సైనిక సహాయనిధి కోసం సైనికులతో కూడిన ఒక జట్టుకు ఆయన శిక్షణ ఇవ్వగా, అది వృత్తి క్రీడాకారుల జట్లతో మూడు పోటీలాడి రెండింట గెలిచింది. యుద్ధం ముగిసేవరకు ఆయనకు క్రీడతో ఉన్న చెప్పుకోదగిన అనుబంధం అంతే.

అప్పటికి ఆసియా ఖండంలో యుద్ధం భయంకరంగా మారింది. 1942 ఏప్రిల్ 6న మన విశాఖపట్నం, కాకినాడలపై జపాను విమానాలు బాంబులు కురిపించాయి. ఆ వసంతంలోనే బర్మా జపాను వశమయింది. చైనాకు ఆయుధాలు, ఆహారం చేరవేసే బర్మా బాట మూతపడింది. జపానుతో పోరాడుతున్న చైనాకు బయటి ప్రపంచంనుండి సాయం అందాలంటే మిగిలిన దారి ఒక్కటే. సరుకు ఓడలలో కలకత్తాకు రావాలి. అక్కడినుండి రైళ్ళలో అస్సాముకు చేరాలి. అస్సాంలోని విమానాశ్రయాలనుండి హిమాలయాల తూర్పు కొండలమీదుగా చైనాలోని కున్‌మింగ్‌కు ఎగరాలి. ఆ గగనమార్గాన్ని వైమానికులు హంప్ అని పిలిచేవారు. మంచుతుఫానులవల్ల, పర్వతాలను ఢీకొనడంవల్ల అక్కడ వందలాది విమానాలు కూలిపోయాయి.

ఈ సుదీర్ఘ మార్గానికి సింహద్వారం కలకత్తా రేవు. చైనా–బర్మా–భారత రంగానికి వచ్చిన నీలండ్, యుద్ధపు చివరి దశలో ఆ నగరంలోని అమెరికా సైనిక సరఫరా కేంద్రానికి అధిపతిగా, బ్రిగేడియర్ జనరల్ హోదాలో బాధ్యత వహించాడు. ఆ పని కష్టసాధ్యమైనది. 1942 డిసెంబరు నుండి నగరం జపాను బాంబులకు గురవుతూ వచ్చింది. 1943లో లక్షలాది ప్రజలను బలిగొన్న బెంగాల్ కరవు గాయం ఇంకా పచ్చిగానే ఉంది. హుగ్లీ నదిలో ఓడలు వరుస కట్టి నిలిచేవి. రైలుమార్గం కొంత దూరమే వెడల్పు పట్టాలది. పార్వతీపూర్ వద్ద సరుకంతా దించి మీటరు గేజి పెట్టెలలోకి ఎక్కించాలి. బ్రహ్మపుత్రపై అప్పటికి వంతెన లేదు. అమీన్‌గావ్ వద్ద రైలుపెట్టెలను పడవలమీద నది దాటించాలి. వర్షాకాలం వస్తే కట్టలు తెగేవి, బాటలు మునిగేవి.

అటువంటి చోట వీరత్వానికి అర్థం వేరు. ఒక ఓడ రేవులో ఒక రోజు అదనంగా నిలిచిపోతే, వేయి మైళ్ళ ఆవల ఒక విమానం ఇంధనం లేక నేలమీదనే ఉండిపోతుంది. ఒక పెట్టెమీద గుర్తు తప్పుగా వేస్తే, ఫిరంగి ఒకచోటికి, దాని గుండ్లు మరొకచోటికి చేరతాయి. తక్కువ పొరపాట్లు చేసేవాడే గెలుస్తాడని శిష్యులకు బోధించిన ఆచార్యునికి ఇంతకంటె తగిన పరీక్ష లేదు. ఓడలనుండి సరుకు దించడం, వర్గీకరించడం, రైళ్ళకెక్కించడం నిరంతరాయంగా సాగాలి. అమెరికా రేవు దళాలు, వేలాది భారతీయ శ్రామికులు రేయింబవళ్ళు శ్రమించారు. అస్సాంలోని లెడోనుండి కొండలను తొలిచి వేసిన కొత్త బాట పూర్తయి, 1945 ఫిబ్రవరి 4న తొలి వాహనశ్రేణి కున్‌మింగ్ చేరుకొంది. యుద్ధం ముగిసేలోగా హంప్ మీదుగా చైనాకు చేరిన సరుకు సుమారు 6,50,000 టన్నులు.

భారతంలో యుద్ధపర్వాలకు ముందు ఉద్యోగపర్వం ఉన్నది. ఉద్యోగమంటే ప్రయత్నం, సన్నాహం. తిక్కన తెలుగు చేసిన ఆ పర్వంలో బాణాలు కురవవు. కాని తరువాత కురిసే ప్రతి బాణమూ అక్కడ సమకూడినదే. నీలండ్ యుద్ధసేవ అటువంటి ఉద్యోగపర్వం. కత్తి దూసిన ఘట్టాలు అందులో లేవు. అయినా ఆ సేవను గుర్తించి ఆయన దేశం విశిష్ట సేవాపతకాన్ని, లీజియన్ ఆఫ్ మెరిట్ పురస్కారాన్ని ప్రదానం చేసింది. బ్రిటన్ సైతం తన సామ్రాజ్య గౌరవాన్ని ఇచ్చి సత్కరించింది.

యుద్ధం టెన్నెసీ జట్టునూ విడిచిపెట్టలేదు. ఆ జట్టులో ఆడి సైనికులుగా వెళ్ళిన యువకులు కొందరు తిరిగిరాలేదు. వారిలో బిల్ నౌలింగ్, రూడీ క్లారర్, విల్లిస్ టక్కర్, క్లైడ్ ఫ్యూసన్ అనే నలుగురు ధరించిన సంఖ్యలను ఇక ఎవరికీ కేటాయించకుండా విశ్వవిద్యాలయం వారి స్మృతికే అంకితం చేసింది. మైదానంలో ఓడినవారు మరుసటి వారం మళ్ళీ ఆడతారు. రణరంగంలో ఆ అవకాశం లేదు.

1946లో నీలండ్ సైన్యంనుండి విరమించి 54వ ఏట మళ్ళీ శిక్షకుడయ్యాడు. మొదటి ఏడు విజయవంతంగానే గడిచింది. కాని ఆట అప్పటికి మారిపోయింది. అత్యధిక జట్లు టీ వ్యూహమనే కొత్త పద్ధతికి మారగా, నీలండ్ పాత సింగిల్ వింగ్ వ్యూహాన్నే పట్టుకొని ఉన్నాడు. 1947లో అయిదు గెలుపులు, అయిదు ఓటములు; 1948లో నాలుగు గెలుపులు, నాలుగు ఓటములు, రెండు సమాన ఫలితాలు. ఆయన విద్య పాతబడిందని, కాలం ఆయనను దాటిపోయిందని విమర్శలు చెలరేగాయి. దేశం కోసం క్రీడను విడిచి వెళ్ళినవానికి, ఆ క్రీడలోనే చోటు లేదనిపించిన రోజులవి.

నీలండ్ వాదించలేదు, వ్యూహం మార్చలేదు. కొత్త తరం యువకులను ఎన్నుకొని మళ్ళీ మొదటి పాఠంనుండి నేర్పసాగాడు. లోపం పద్ధతిలో ఉందా, దానిని ఆచరించడంలో ఉందా అన్న ప్రశ్నకు ఆయన ఆచరణద్వారానే సమాధానం వెదికాడు. 1950లో జట్టు పన్నెండు పోటీలాడి పదకొండింట గెలిచింది. 1951లో నిర్ణీత క్రీడాకాలంలోని పది పోటీలూ గెలిచి జాతీయ విజేతగా ప్రకటితమయింది. ఆ తరువాత జరిగిన షుగర్ బౌల్ పోటీలో మేరీలాండ్ చేతిలో ఓడినప్పటికీ, కాలం చెల్లిందన్న వ్యూహంతోనే దేశంలో అగ్రస్థానం పొందవచ్చునని నిరూపితమయింది. 1952 క్రీడాకాలంతో ఆయన శిక్షకవృత్తిని విరమించాడు. మొత్తం 216 పోటీలలో 173 విజయాలు, 31 పరాజయాలు, 12 సమాన ఫలితాలు ఆయన ఖాతాలో ఉన్నాయి. వాటిలో 112 పోటీలలో ప్రత్యర్థికి ఒక్క పాయింటు కూడా దక్కలేదు.

అటుపై విశ్వవిద్యాలయ క్రీడావిభాగానికి సంచాలకుడుగా ఆయన తుదివరకు కొనసాగాడు. 1956లో కళాశాల ఫుట్‌బాల్ ప్రముఖుల శ్రేణిలో ఆయనకు స్థానం లభించింది. 1921లో 3,200 మంది కూర్చొనడానికి వీలుగా మొదలైన టెన్నెసీ క్రీడాప్రాంగణం ఆయన కాలంలో అంచెలంచెలుగా విస్తరించింది. ఇంజనీరుగా తన చూపుతో భావి విస్తరణకు కూడా ఆయన పథకాలు సిద్ధం చేయించాడు. 1962 మార్చి 28న న్యూ ఆర్లియన్స్ నగరంలో నీలండ్ కన్నుమూశాడు. నాక్స్‌విల్‌లోని జాతీయ సైనిక శ్మశానవాటికలో ఆయనకు అంత్యక్రియలు జరిగాయి. అదే సంవత్సరం ఆ క్రీడాప్రాంగణానికి ఆయన పేరు పెట్టారు. 1996 నాటికి అందులో ప్రేక్షకస్థానాల సంఖ్య లక్ష దాటింది. 2010లో అక్కడ ఆయన కంచు విగ్రహం ప్రతిష్ఠించారు.

క్రీడ వేరు, యుద్ధం వేరు. క్రీడలో ప్రత్యర్థి మిత్రుడు, ఓటమి పాఠం. యుద్ధంలో ఓటమికి మూల్యం ప్రాణం. ఈ భేదం రెండింటినీ ఎరిగిన నీలండ్‌కు తెలుసు. అయినా రెండింటికీ ఆయన ఒకే సాధన చేశాడు. విజయం వరించే క్షణం కంటికి కనిపిస్తుంది. ఆ క్షణాన్ని నిర్మించిన అనేక దినాల శ్రమ కనిపించదు. కనిపించని ఆ శ్రమనే ధర్మంగా స్వీకరించి, మైదానంలోను, రేవులోను ఒకే నిష్ఠతో నిర్వహించినవాడు రాబర్ట్ నీలండ్. చదువులోగాని, ఆటలోగాని, వృత్తిలోగాని నిలిచి గెలవాలనుకొనే విద్యార్థికి ఆయన జీవితం ఆ నిష్ఠను నేర్పుతుంది.